కార్బరేటర్‌లో కొత్త పొర

నా నోరు మంచిది కాదు. పెళ్లయిన నెలకే మా ఇంటాయన ఏసన్న ఆ మాట అన్నాడు. మా అత్త బతికున్నంత కాలం అంటూనే ఉంది. మా చర్చి అయ్యగారయితే వాక్యం జోడించి మరీ మెత్తగా చెప్పారు. నేను ఏనాడూ కాదనలేదు. కాకపోతే ఆ నోటితోనే ఒక మంచి మనిషిని బజారుకీడ్చి, నాలుగు రోజులు తిరక్కుండా మళ్లీ ఆయన ముందే తల వంచుకుని నిలబడాల్సి వచ్చింది చూడండి, ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పుకుంటే తప్ప నా కడుపుబ్బరం తీరేట్టు లేదు.

నన్ను విశ్వాసమ్మ అంటారు. మాది వేంపల్లె పక్కన చిన్న పల్లె. చీనీ తోటల్లో, అదే బత్తాయి తోటల్లో, గడ్డి కోయడం నా పని. కొడవలితో కాదు, మిషన్‌తో. పట్టీ భుజానికి తగిలించుకుంటే ఇంజన్ నడుము పక్కన కూర్చుంటుంది. ముందుకు పొడుగాటి గొట్టం, దాని చివర గిరగిరా తిరిగే బ్లేడు. పాతికేళ్లు వంగి కలుపు తీసిన నడుము నాది. సాయంత్రం నిటారుగా లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఈ మిషన్ చేతికొచ్చాక నిలబడి పని చేస్తున్నాను, నిలబడే ఇంటికి వస్తున్నాను. పైగా మగవాళ్లు కోస్తే డ్రిప్పు పైపులు తెగుతాయి, చెట్టు మొదట్లో బెరడు గీరుకుపోతుంది. నా చేతిలో అట్లా జరగదు. అందుకే తోటల వాళ్లు నన్ను పిలుస్తారు. మిషన్ ఆగిపోతే మాత్రం ఒక్కరూ పిలవరు. మళ్లీ వంగాల్సిందే.

ఈ ఏడు అది ఆగిపోవడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఎండాకాలంలో. తాడు ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. వేంపల్లె బస్టాండు వెనక రేకుల షెడ్డులో సైఫుల్లా మెకానిక్ ఉన్నాడు. స్ప్రేయర్లు, రంపం మిషన్లు, మావంటి గడ్డి మిషన్లు ముప్పై ఏళ్లుగా బాగుచేస్తున్న మనిషి. మాట తక్కువ. ఆ లోటు తీర్చడానికి ఆయన భార్య ఫిరోజా పక్కనే కూర్చుని బోల్టులు ఏరుతూ అందరితో మాట్లాడుతుంది. ఆయన కార్బరేటర్ విప్పి లోపలి నుంచి రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దగా ఉన్న నల్లటి పొర ఒకటి బయటికి తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. పటపటమంది.

"ఇన్నావా? ఇదే డయాఫ్రం. ఇది మెత్తగా ఎగసి పడతా ఉంటేనే ఇంజన్‌కు పెట్రోలు అందేది. ఇప్పుడొచ్చే పెట్రోల్లో స్పిరిట్ కలుస్తాండాది గదా, రబ్బరుకు అది పడదు. ఇట్ల గట్టిపడిపోతాది" అన్నాడు.

కొత్త పొర వేశాడు. మిషన్ ఒక్క లాగుకే అందుకుంది. రెండు నెలలు దాని వంక చూడాల్సిన పని లేకపోయింది.

వానలు పడ్డాక మళ్లీ పేచీ. ఈసారి వేరే రకం. స్టార్ట్ బాగానే అవుతుంది, పావుగంట శుభ్రంగా కోస్తుంది, ఆ తర్వాత గొంతు పట్టేసినట్టు మూలిగి ఆగిపోతుంది. పెట్రోలు అయిపోయిందేమోనని మూత తీసి చూస్తే ఉంటుంది. మూత పెట్టి లాగితే మళ్లీ పావుగంట. సైఫుల్లా దగ్గరికి తీసుకుపోయాను. పొర మార్చాడు. షాపు ముందు అరగంట ఆడించాడు, చక్కగా ఆడింది. తోటకు తెచ్చాను, పావుగంటకు ఆగింది. మళ్లీ తీసుకుపోయాను. మళ్లీ మార్చాడు, ఈసారి దుడ్లు కూడా తీసుకోలేదు. షాపులో ఆడింది, తోటలో ఆగింది. దానికి నా మీద ఏదో పగ ఉన్నట్టే అనిపించింది.

ఆ వారంలోనే ఒక పని మీద కడప పోయి, అక్కడ కొత్తగా తెరిచిన స్పేర్ పార్టుల షాపులో అడిగాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రవాడు నా మాట పూర్తికానివ్వలేదు. "ఇంకా పాత రబ్బరే వేస్తాండారా అక్కా మీ ఊర్లో? ఇప్పుడంతా ఇది" అని ఒక చిన్న ప్యాకెట్ తీశాడు. లోపల పలచగా, గుడ్డలా మెత్తగా ఉన్న గోధుమరంగు పొర. పెట్రోల్లో ఏం కలిసినా దీనికేం కాదట, ఏళ్లకేళ్లు ఉంటుందట. పాత దానికి ఆరింతలు ధర. "ఇది తెలిసి కూడా చెప్పలేదంటే నీ మెకానిక్ నిన్ను మళ్లీ మళ్లీ తిప్పుకోవాలని చూస్తాండాడు" అని కూడా అన్నాడు. ఆ మాట సూటిగా వచ్చి నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. నేరుగా సైఫుల్లా షాపు ముందుకొచ్చి నిలబడ్డాను.

"భాయ్, ఇది ఏమో నీకు తెల్సా?" అని ప్యాకెట్ చూపించాను.

"తెల్సు. మంచిరకం పొర" అన్నాడు తల ఎత్తి.

"తెల్సి కూడా నాకు ఎందుకు చెప్పలేదు?"

"ఆ పేరుతో దొంగ సరుకు శానా వస్తాంది. అందుకే నేను పెట్టలే. అయినా నీ మిషన్ జబ్బు పొరది కాదేమోనని నాకు అనుమానంగా ఉండాది ఇస్వాసమ్మా. ఒక రెండు దినాలు మిషన్ ఈడ పెట్టి పో, చూస్తా."

రెండు దినాలు పెట్టి పోవాలట! నా ఒళ్లు భగ్గుమంది. ఏమేం అన్నానో అంతా ఇప్పుడు రాయలేను. కూలిదాన్నని అలుసా అన్నాను. మూడుసార్లు అదే చెత్త వేసి నా కడుపు కొట్టినావన్నాను. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు గ్లాసులు చేత్తో పట్టుకునే లేచి వచ్చి నిలబడ్డారు. ఫిరోజా ముఖం ఎర్రగా కందిపోయింది. ఆయన మాత్రం స్క్రూ డ్రైవరు కింద పెట్టి, "కోపంలో ఉండావు, పోయిరామ్మా" అన్నాడు. ఆ నిదానం చూసి ఇంకా మండింది నాకు.

కొత్త పొర వేరే మెకానిక్ చేత వేయించాను. ఆ మెకానిక్ షాపు ముందే ఆడించాను. దివ్యంగా ఆడింది. ఇంకేం, మనసులో గెలిచేశాను.

మర్నాడు ఆదివారం. ఆరాధనలో మనవులు చెప్పుకునే వేళ అయ్యగారు అడగగానే నేను లేచాను. జ్వరమొచ్చిన వాళ్ల కోసం, పరీక్ష రాసే పిల్లల కోసం మనవులు చెబుతారు అందరూ. నేనేమన్నానంటే, "వేంపల్లెలో సైఫుల్లా అనే మెకానిక్ నన్ను మూడుసార్లు మోసం చేసినాడు. దేవుడు ఆయన కండ్లు తెరవాలని అందరూ ప్రార్థన చెయ్యండి." చర్చంతా కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. గట్టిగా ఆమెన్ కూడా అంది. మా పల్లెలో ఇంటికొక స్ప్రేయరు ఉంది. అన్నీ బాగు చేసేది ఆయనే. ఆ ఆలోచన నాకు రాలేదు.

"ఊరూ పేరూ చెప్పకుండా ప్రార్థన చేయించుకునేదానికి రాదా నీకు? దేవునికి అడ్రసు తెలీదా?" అన్నాడు ఏసన్న ఇంటికి వస్తూ దారిలో. నేను వినిపించుకోలేదు.

సోమవారం కృష్ణవేణమ్మ తోటలో దిగాను. పన్నెండు ఎకరాల చీనీ తోట ఆమెది. భర్త పోయాక ఒక్కతే నడుపుకొస్తున్న మనిషి. నవ్వు కొంచెం తక్కువ, చూపు చాలా ఎక్కువ. గడ్డి మోకాళ్ల దాకా లేచి ఉంది. ఆమె ముందే తేల్చి చెప్పింది. "వచ్చే సోమవారం కాయ చూసేదానికి వ్యాపారస్తులు వస్తాండారు. శనివారం సాయంత్రానికి తోట నున్నగా ఉండల్ల. అట్ల కోస్తే ఏడాదంతా ఈ తోట గడ్డి నీదే, ఇంగొకర్ని పిలవను. కొయ్యలేకపోతే ఇప్పుడే చెప్పు. నాకు ఇష్టం లేకపోయినా గడ్డిమందు కొట్టిస్తా."

ఏడాదంతా! పన్నెండు ఎకరాలు, వానకు లేచినప్పుడల్లా కోత. ఆ ఒక్క తోట ఉంటే నేను ఇంక ఎవరి చేలోనూ వంగక్కర్లేదు. "శుక్రవారానికే అయిపోతాదమ్మా. కొత్త పొర వేయించినా" అన్నాను ధీమాగా. కొత్త పొర అంటే ఆమెకేం తెలుసు పాపం, తలూపింది.

పావుగంటకు మిషన్ ఆగిపోయింది.

మూత తీశాను, పెట్రోలు ఉంది. మూత పెట్టి లాగాను, చాలాసేపటికి గానీ అందుకోలేదు. మళ్లీ పావుగంట. సాయంత్రానికి ఎకరం కూడా కాలేదు. కృష్ణవేణమ్మ గట్టు మీద నిలబడి రెండుసార్లు చూసి పోయింది. మంగళవారం కూడా అదే వరస. లెక్కేసుకుంటే ఈ నడకకు తోట అయ్యేసరికి పదిహేను రోజులు పడుతుంది. రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతున్నాను గానీ నోట్లోకి పోవడం లేదు.

"సాయిబు దగ్గరికి పోరాదా?" అన్నాడు ఏసన్న.

"ఏ ముఖం పెట్టుకోని పోయేది?"

"ఉన్నది ఒకటే గదా ముఖం. అదే పెట్టుకోని పో."

బుధవారం పొద్దున్నే మిషన్ ఆటోలో వేసుకుని పోయాను. షాపు అప్పుడే తెరుస్తున్నారు. నన్ను చూసి ఫిరోజా చేతిలో చీపురు అట్లాగే పట్టుకుని నిలబడింది.

"ఏమక్కా, ఇంగా ఏమన్నా మిగిలిపోయిందా అనేదానికి? మీ పల్లె వాళ్లు నిన్న రెండు స్ప్రేయర్లు సగం విప్పినవి విప్పినట్టే ఎత్తుకపోయినారు. దేవుని ఇంట్లో కూడా ఈయన పేరే చదివినారంట గదా. ఒక దినమన్నా నిన్ను మోసం చేసినాడా ఈ మనిషి? కడుపు నిండా తిని నిద్రపోయినాడా ఈ రెండు దినాలు?"

ఎప్పుడూ నా కన్నా ముందు లేచే నోరు నాది, ఆ పూట తల వంచుకుని మిషన్ కిందికి దించాను. సైఫుల్లా బయటికొచ్చి మిషన్ వైపు చూశాడు, నా వైపు కాదు.

"మళ్లీ ఆగిందా?"

"ఆగింది భాయ్. కొత్త పొర వేసినాక కూడా ఆగింది. శనివారం లోపల కృష్ణవేణమ్మ తోట కొయ్యకపోతే ఏడాది పని పోతాది. నేను అన్నమాటలు..."

"మాటలు తర్వాత. పావుగంటకే ఆగుతాందా? ఈడ మాత్రం ఎప్పుడూ ఆగలే గదా?"

"ఆగలే."

ఆయన కాసేపు ఇంజన్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు ఉంది. తర్వాత సంచిలో పనిముట్లు వేసుకుని, "షాపులో ఆగని మిషన్‌ను షాపులో ఎట్ల చూసేది? పద, తోటకే వస్తా" అన్నాడు. పొద్దున్నే తెరిచిన షాపు వదిలిపెట్టి, తనను ఊరంతా తిట్టించిన మనిషి వెంట మోపెడ్ వేసుకుని బయలుదేరాడు ఆయన. ఆటోలో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

తోటలో ఆయన ఒక చీనీ చెట్టు నీడన కూర్చున్నాడు. "నేను లేననుకో. రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి. ఒక్కటి కూడా తక్కువ చెయ్యొద్దు, ఎక్కువ చెయ్యొద్దు" అన్నాడు. నేను చీర ఎగదోపుకున్నాను, పైన మా ఆయన చొక్కా తొడుక్కున్నాను, సీసాలోంచి పెట్రోలు పోసుకున్నాను, మూత బిగించాను, పట్టీ తగిలించుకుని లాగాను. ఒక వరస కోశాను, రెండో వరస సగంలో మూలుగు మొదలైంది. ఆగిపోయింది.

మూత మీద చెయ్యి వేశాను.

"ముట్టుకోవద్దు!" అని అరిచాడు ఆయన. అంత గట్టిగా మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు. వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, మూత మెల్లగా, ఒక్కొక్క మరా తిప్పాడు. ఉస్స్‌మని గాలి లోపలికి లాక్కున్న చప్పుడు. మూత చేతిలోకి తీసుకుని, దాని లోపల అంటుకున్న పాల ప్యాకెట్టు ముక్కను రెండు వేళ్లతో పట్టి పైకెత్తాడు.

"ఇదేంది?"

"పాల ప్యాకెట్టు."

"అది నాకూ కనపడతాంది. ఎందుకు పెట్టినావు?"

ఎందుకంటే, వానల ముందు నుంచి మూత దగ్గర పెట్రోలు చెమ్మగిల్లేది. మిషన్ ఊపినప్పుడల్లా కారి నా నడుం మీద పడేది. చీర తడిసి, ఎండకు ఆ చోట చర్మం కమిలి, పొక్కులు లేచేవి. పడుకుంటే ఆ పక్కకు తిరగలేకపోయేదాన్ని. అందుకని పాల ప్యాకెట్టు ముక్క కత్తిరించి మూత కింద పెట్టి బిగించేదాన్ని. చుక్క కారితే ఒట్టు! నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. బాగుచేయించడానికి తీసుకుపోయేటప్పుడు ఆటో అతను పెట్రోలు వాసన పడదంటాడని ట్యాంకు ఒంపేసి, ఆ ముక్క తీసి పారేసేదాన్ని. షాపులో దాని ఊసే ఉండేది కాదు. మళ్లీ తోటకు రాగానే కొత్త ముక్క. అన్నానికి కూర్చునే ముందు చెయ్యి కడుక్కున్నంత మామూలుగా చేసేదాన్ని. ఇంత జరిగినా అది నాకు తట్టనే లేదు.

ఆయన మూత నా కంటి ముందు పెట్టి ఎండకేసి చూపించాడు. మధ్యలో సూదిమొనంత బెజ్జం. "ఈ బెజ్జంలో నుంచి గాలి లోపలికి పోతాదమ్మా. పెట్రోలు కిందికి పోయేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావల్ల. నువ్వు ప్యాకెట్టుతో మూసేస్తివి. గాలి లేక పెట్రోలు దిగదు, ఇంజన్ ఆగుతాది. నువ్వు మూత తీస్తే గాలి లోపలికి పోతాది, మళ్లీ స్టార్ట్ అవుతాది. పొర ఏం చేస్తాది దీనికి?"

అక్కడే గడ్డిలో కూలబడ్డాను. మూడు పొరలు మార్చిన మనిషి. దుడ్లు వద్దన్న మనిషి. జబ్బు పొరది కాదేమో, రెండు దినాలు పెట్టి పో అన్న మనిషి. ఆ మనిషిని నేను బజారులో, చర్చిలో... చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

ఆయన అంతటితో వదల్లేదు. అనుమానం మిగలకూడదని నాలుగు మరలు విప్పి కార్బరేటర్ కూడా తెరిచాడు. కడపలో నేను కొన్న పొరను తీసి చెవి దగ్గర వంచి విన్నాడు. చప్పుడు లేదు. వెలుతురుకు పెట్టి చూశాడు.

"సరుకు మంచిదే. దొంగది కాదు" అన్నాడు.

"అయితే దండగ కాదా భాయ్ ఇది?" అన్నాను, కనీసం ఒక్కటన్నా సరిగా చేశానేమోనన్న ఆశతో.

"దండగ ఎందుకయితాది? నువ్వు రోజూ మిషన్ ఆడించేదానివి. పెట్రోలు ఎప్పుడూ దాంట్లోనే ఉంటాది. ఈ పెట్రోలుకు మామూలు రబ్బరు మూడు నాలుగు నెలల్లో గట్టిపడతాది. ఇది ఏండ్లు ఉంటాది. నీకు ఇదే మేలు, నేనే ముందు చెప్పిండల్ల. దొంగ సరుకుకు భయపడి మంచిది కూడా పెట్టలేదు, అది నా తప్పు. అదే, ఏడాదికి పది దినాలు మిషన్ తీసేవాళ్లకు ఇది అక్కర్లే. పని అయినాక పెట్రోలు ఒంపేసి, ఆగేదాకా ఆడించి పెట్టుకుంటే వాళ్లకు మామూలు పొరే శానా కాలం వస్తాది. కాకపోతే ఎంత మంచి పొరేసినా, మూత బెజ్జం మూస్తే ఏం లాభం?" అని సంచిలోంచి కొత్త మూత ఒకటి తీసి బిగించాడు. మిషన్ వంచి చూశాడు, ఊపి చూశాడు. చుక్క కారలేదు.

లాగాను. అందుకుంది. ఈసారి ఆగకుండా నాలుగు వరసలు కోశాను. ఆగిపోతుందేమోనని ప్రతి చెట్టు దగ్గరా చెవి ఇంజన్ మోత మీదే ఉంది. ఐదో వరస మొదలుపెడుతుండగా గట్టు మీద కృష్ణవేణమ్మ కనిపించింది. ఆపమన్నట్టు చెయ్యెత్తింది. ఇంజన్ ఆపి, సైఫుల్లా కూర్చున్న చెట్టు కిందికి పోయాను, ఆమె కూడా అక్కడికే వచ్చింది.

"రెండు దినాల నుంచి మిషన్‌తో కుస్తీ పడతాంటివి. ఇప్పుడు ఎట్ల బాగయింది? ఏం పోయింది దాంట్లో? నాకు నిజం చెప్పల్ల. మిషన్ గురించి తెలీనోళ్లకు నేను పన్నెండు ఎకరాలు అప్పజెప్పను" అంది.

నేను నోరు తెరిచేలోపే సైఫుల్లా అందుకున్నాడు. "ఆమె తప్పేం లేదమ్మా. నేనేసిన పొరలు బాగలేవు. మిషన్ గురించి ఆమెకు బాగా తెల్సు. తప్పంతా నాదే."

ఎంత మామూలుగా చెప్పాడనుకున్నారు! మధ్యాహ్నం వాన రావచ్చు అన్నట్టు చెప్పాడు. కృష్ణవేణమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా సైఫుల్లా అంటే? నీ కాడికి నాలుగు స్ప్రేయర్లు పంపాలనుకుంటాంటి. ఇంగ వద్దులే" అంది.

సరేనమ్మా అన్నట్టు ఆయన తలూపి, సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. నేను వెంటనే మాట్లాడలేదు. నిజం చెబితే మూత కింద ప్యాకెట్టు పెట్టుకునే దానికి మిషనేం తెలుసని ఆమె నన్ను పంపించేస్తుంది. ఊరుకుంటే ఏడాదంతా పని. ఆయనే చెప్పాడు కదా, నేను చెప్పమనలేదు కదా, అనుకున్నాను. ఒకటి రెండు శ్వాసలు తీసుకునేంత సేపు అనుకున్నాను. ఆ కాసేపటికి ఇప్పటికీ నాకు సిగ్గే. అప్పుడు ఆయన వంగి, కింద పడ్డ పాల ప్యాకెట్టు ముక్కను తీసి, ఆమె కంట పడకుండా జేబులో పెట్టుకోవడం చూశాను. అంతే. ఇంక నా వల్ల కాలేదు.

"ఈయన అబద్ధం చెప్తాండాడమ్మా! పొరలు బంగారం మాదిరి ఉండాయి. నేనే మూత కింద పాల ప్యాకెట్టు పెట్టి గాలి పోకుండా చేసినా. అది తెలీక ఈయన్ను దొంగ అని బజారులో తిట్టినా, చర్చిలో తిట్టినా. ఈ పొద్దు షాపు విడిచిపెట్టి వచ్చి జబ్బు కనిపెట్టింది ఈయనే. నన్ను పంపిచ్చాలనుకుంటే పంపిచ్చు. ఆ నాలుగు స్ప్రేయర్లు మాత్రం ఈయన కాడికే పంపు."

సైఫుల్లా తల కొట్టుకున్నాడు. "నోరు మూసుకోని ఉండలేవా తల్లీ నువ్వు?" అన్నాడు నీరసంగా.

"ఉండలేను" అన్నాను. ఏడుస్తున్నాను కూడా.

కృష్ణవేణమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "చెయ్యని తప్పు నాదని ఆయనంటాడు, చేసిన తప్పు నాదని నువ్వంటావు. ఇద్దరూ ఇద్దరే దొరికినారు నాకు" అంది. నవ్వు వచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కన్నీళ్లు తుడుచుకోని మిషన్ ఎత్తుకో. శనివారం సాయంత్రం ప్రతి వరసా నడిచి చూస్తా."

నడిచి చూసింది. అన్నంత పనీ చేసింది. చెప్పులు విప్పి మరీ పన్నెండు ఎకరాలు తిరిగింది. ఒక్క పైపు తెగలేదు, ఒక్క బెరడు గీరుకోలేదు. చివరి వరస దగ్గర నిలబడి, "మళ్లీ గడ్డి లేచినప్పుడు ఫోన్ చేస్తా. ఏడాదంతా నువ్వే" అంది. ఆమె నాలుగు స్ప్రేయర్లు అప్పటికే సైఫుల్లా షాపుకు పోయాయని ఆమె పాలేరు చెప్పాడు. దేవా అనుకున్నాను.

ఆదివారం చర్చిలో కృతజ్ఞత కానుక కవరు పట్టుకుని సాక్ష్యం చెప్పడానికి లేచాను. ఇంతకు ముందు నేను లేస్తే అయ్యగారి ముఖంలో కాస్త కంగారు కనిపించేది, ఆ పూట ఇంకొంచెం ఎక్కువ కనిపించింది. "పోయిన వారం సైఫుల్లా కండ్లు తెరవమని మీతో ప్రార్థన చేయించినా. దేవుడు నా పెట్రోలు ట్యాంకు మూత తెరిపిచ్చినాడు. తప్పు నాది. ఆయన మీద వేసిన నింద నేను వెనక్కి తీసుకుంటాండా. మీ స్ప్రేయర్లు ఆయన కాడికే తీసకపోండి" అన్నాను. ముందు ఆడవాళ్ల వైపు నవ్వు మొదలైంది, తర్వాత మగవాళ్లు కూడా నవ్వారు. దేవునికి స్తోత్రం చెప్పి, కవరు పెట్టెలో వేసి కూర్చున్నాను. భారం దిగిపోయిందనుకున్నాను.

ఇంటికొస్తుంటే ఏసన్న అడిగాడు. "దేవునికి చెప్పినావు. సంఘానికి చెప్పినావు. ఆ మనిషికి చెప్పినావా?"

నడక ఆగిపోయింది. లేదు. తోటలో ఏడ్చాను, అరిచాను. ఆయన మోపెడ్ ఎక్కి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక్క మంచిమాట చెప్పలేదు. తిట్టడానికి మాత్రం బస్సు దిగి నేరుగా పోయాను.

సోమవారం మిషన్ ఆటోలో వేసుకుని వేంపల్లె పోయాను. షాపు ముందు మా పల్లె వాళ్ల స్ప్రేయర్లు మూడు వరసగా పెట్టి ఉన్నాయి. నేను దిగడం చూసి సైఫుల్లా ముఖం పాలిపోయింది. చేతిలో పని కింద పెట్టి గబగబా వచ్చాడు.

"మళ్లీ ఆగిందా?"

"లే భాయ్."

వినిపించుకుంటేనా! మిషన్ బల్ల మీద పెట్టి, మూత తీసి చూశాడు, బెజ్జం ఊదాడు, పెట్రోలు పోసి తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు, వేగం ఎక్కువ చేసి చూశాడు, తక్కువ చేసి చూశాడు. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. "బాగానే ఆడుతాందే! యాడ ఆగుతాంది? ఎట్ల ఆగుతాంది?" అని ఆ మోతలో అరిచాడు.

"యాడా ఆగలే! బాగుండాదని చెప్పేదానికి వచ్చినా!" అని నేనూ అరిచాను. "నీ వల్ల నా నడుము నిలబడింది భాయ్! అంత మాటలన్నా కూడా వచ్చి బాగు చేసినావు. నీ మేలు చచ్చేదాకా మరిచిపోను!"

ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు. వినపడలేదో, వినపడినా అర్థం కాలేదో తెలియదు. చేతిలో స్క్రూ డ్రైవరు అట్లాగే ఉంది, ఏ మర విప్పాలో చెబితే విప్పడానికి సిద్ధంగా. చివరికి ఫిరోజా వైపు తిరిగి, "ఏం పోయిందంటాంది?" అని అడిగాడు.

ఫిరోజా కళ్లు తుడుచుకుంది. బోల్టుల డబ్బా పక్కన పెట్టి లేచి, టీ కొట్టు దాకా వినపడేటట్టు అరిచింది.

"ఏం పోలేదంట! ముప్పై ఏండ్లకు ఒక మనిషి మిషన్ బాగుండాదని చెప్పేదానికి వచ్చిందంట!"